శుక్రవారం పడి ఆదివారం రేసు చేయడం మామూలేనా?

మీ తమ్ముడు చెన్నై ట్రాక్‌లో శుక్రవారం ప్రాక్టీసులో పడ్డాడనీ, మణికట్టు వాచినా టేపు చుట్టుకుని ఆదివారం రేసు పూర్తి చేశాడనీ రాశారు. "మోటోజీపీలో (ప్రపంచ స్థాయి బైకు రేసుల ఛాంపియన్‌షిప్) అందరూ ఇంతే" అన్నాడట. ఇది మామూలేనా అని మీ ప్రశ్న. రేసర్లలో మామూలే. కానీ మోటోజీపీ వాళ్ళు చేసేదీ మీ తమ్ముడు చేసిందీ ఒకటి కాదు. నేను కూడా కొన్నేళ్ళు శ్రీపెరుంబుదూర్ దగ్గరున్న ఆ ట్రాక్‌లోనే చిన్న సీసీ బైకులతో రేసులు చేశాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

అందరూ ముందు నొప్పి గురించే అడుగుతారు. నిజానికి గ్రిడ్ మీదికి, అంటే రేసు మొదలయ్యే వరుసలోకి వెళ్ళాక నొప్పి చాలావరకు మరుగున పడిపోతుంది. రేసు అయ్యి, సూట్ విప్పి, ఒళ్ళు చల్లబడ్డాక అసలు నొప్పి మొదలవుతుంది. రేసు ముందు చూసుకోవలసింది వేరే ఉంది: దెబ్బ తగిలిన చోటుకి బండి మీద ఏ పని ఉంది, ఆ పని ఇప్పుడు చేయగలదా అని. కుడి చేతికి యాక్సిలరేటర్, ఫ్రంట్ బ్రేక్. ఎడమ చేతికి క్లచ్. ఎడమ కాలికి గేర్లు. అందుకే ఎడమ చిటికెన వేలు విరిగినవాడు ఎలాగో నెట్టుకొస్తాడు, కుడి మణికట్టు పోయినవాడికి మాత్రం చాలా కష్టం.

నాకు ఎడమ అరచేయి దెబ్బతింది. శనివారం క్వాలిఫైయింగ్‌లో (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే రౌండు) ముందు చక్రం జారి పడ్డాను, హ్యాండిల్ కింద చేయి ఇరుక్కుంది. ఎక్స్‌రేలో చిటికెన వేలి కింది ఎముకకి సన్నని చీలిక కనిపించింది. అన్నిటికంటే కష్టమైంది గ్లవ్ తొడగడం. వాపు మీద లెదర్ ఎక్కదు. మెకానిక్ ఒక్కో వేలూ పట్టుకుని లోపలికి నెడుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మధ్యాహ్నం రేసులో నేరుగా వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు వేసి, గేర్లు తగ్గించడానికి క్లచ్ పట్టుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ వేళ్ళు ఒక క్షణం ఆలస్యంగా కదిలేవి. ఆ క్షణం కోసం నేను ముందుగానే బ్రేకు వేయడం మొదలుపెట్టాను. వెనకాల వాళ్ళు ఒక్కొక్కరే లోపలి వైపు నుంచి దాటేశారు.

ఆదివారం ఉదయం సర్క్యూట్ డాక్టరు తన రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు. నొక్కాను. "ఇంతేనా బాబూ?" అన్నారు. అంతే, రెండో రేసుకి అనుమతి రాలేదు. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు మాత్రం ఆయనకి చేతులెత్తి దండం పెడతాను. నా పట్టు జారితే కింద పడేది నేనొక్కణ్ణే కాదు, నా వెనకాల గుంపుగా వస్తున్నవాళ్ళు కూడా.

ఇక మీ తమ్ముడు చెప్పే మోటోజీపీ సంగతి. ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ చెప్పేది 2013 అసెన్ రేసు. అప్పట్లో నెదర్లాండ్స్‌లో ఆ రేసు శనివారం జరిగేది. గురువారం తడి ట్రాక్ మీద హోర్హే లోరెంజో అనే రైడర్ పడి ఎడమ కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఆ రాత్రే విమానంలో బార్సిలోనా వెళ్ళాడు, తెల్లవారేలోగా ఆపరేషన్ చేసి టైటానియం ప్లేటు వేసి స్క్రూలు బిగించారు, శుక్రవారం మళ్ళీ అసెన్ వచ్చాడు. శనివారం డాక్టర్లు సరేనన్నాక 12వ స్థానం నుంచి మొదలుపెట్టి 5వ స్థానంలో ముగించాడు. 11 పాయింట్లు. అతను ఛాంపియన్‌షిప్ పోరులో ఉన్నాడు కాబట్టి ఆ 11 కోసమే అంత తెగించాడు. చూసినవాళ్ళెవరూ ఆ రేసు మర్చిపోలేరు, నేను కూడా మర్చిపోలేదు.

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు, మీ తమ్ముడికి ఈ రెండో సగమే చెప్పాలి. రెండు వారాల తర్వాత జర్మనీలో లోరెంజో మళ్ళీ అదే భుజం మీద పడ్డాడు. లోపలున్న ప్లేటు వంగిపోయింది, మళ్ళీ ఆపరేషన్, ఆ రేసు పోయింది. సీజన్ చివర్లో మార్క్ మార్కెజ్‌కి 334 పాయింట్లు, లోరెంజోకి 330. నాలుగు పాయింట్ల తేడాతో ఛాంపియన్‌షిప్ పోయింది.

ప్లేటు వేశారంటే ఎముక అతుక్కుందని కాదు. అతుక్కోవడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా బరువంతా ఆ లోహమే మోస్తుంది. మోటోజీపీ బైకు 300 దాటిన వేగం నుంచి మలుపు కోసం ఒక్కసారిగా తగ్గేటప్పుడు రైడర్ ఒళ్ళంతా ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపునంతా ఆపేది రెండు చేతులే. చేతిని మొండేనికి కలిపి ఉంచే ఒకే ఒక్క ఎముక కాలర్ బోన్. ప్రతి ల్యాప్‌లో, ప్రతి బ్రేకింగ్‌లో ఆ భారం ప్లేటు మీద, స్క్రూల మీద పడుతూనే ఉంటుంది.

మార్కెజ్ 2020లో పడ్డ బాధ ఇంకా పెద్దది. జూలై 19న హెరెజ్ రేసులో పడి కుడి దండచేతి ఎముక విరిగింది. మంగళవారం ఆపరేషన్, ఆ శనివారం అదే ట్రాక్‌లో మళ్ళీ బైకెక్కాడు. పుషప్స్ తీసి చూపించాడు కూడా. కానీ బండి మీద చేతిలో బలం నిలవలేదు, ఆదివారం రేసు మానుకున్నాడు. కొన్ని రోజులకి ఇంట్లో కిటికీ తలుపు తీస్తుంటే లోపలి ప్లేటు విరిగింది. ఆ సీజన్ అంతా పోయింది. మొత్తం నాలుగు ఆపరేషన్లు జరిగాయి, చివరిది 2022లో అమెరికాలో. మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ కావడానికి 2025 వచ్చింది. అంతటి మనిషికి, చుట్టూ అన్ని వసతులున్నా, అయిదేళ్ళు పట్టింది.

అన్నీ ఇలాగే అవుతాయని నేననను. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో లూకా మారినీ అనే మోటోజీపీ రైడర్‌కి కాలర్ బోన్ విరిగింది. జపాన్ రేసు వదిలేసి, అక్టోబరు మధ్యలో ఇండోనేషియాలో దిగి స్ప్రింట్‌లో (శనివారం జరిగే పొట్టి రేసు) రెండో స్థానం తెచ్చుకున్నాడు. అదే స్ప్రింట్‌లో మూడో స్థానం మార్కో బెజెక్కీది. బుద్ధ్‌లో గెలిచింది అతనే, ఇండోనేషియాకి వారం ముందు ట్రెయినింగ్‌లో పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకుని ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. అంటే సాధ్యమే. కానీ వాళ్ళకి ఏ ఎముక ఎక్కడ, ఎలా విరిగిందో గంటల్లో స్పష్టంగా తెలుస్తుంది. రేసర్ల ఎముకలు అతికించడమే పనిగా ఉన్న సర్జన్లు ఉంటారు. పైగా "నేను బాగానే ఉన్నాను" అనే రైడర్ మాట మీద ఎవరూ ట్రాక్ మీదికి పంపరు. అదే జీతం, అదే బతుకు అయినవాళ్ళే డాక్టరు చెప్పేదాకా ఆగుతారు. మీ తమ్ముడు వాపు మీద టేపు చుట్టుకుని, లోపల ఏముందో చూసుకోకుండా రేసు చేశాడు. తేడా అక్కడుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. మణికట్టు అన్నారు కాబట్టి నాకు భయం స్కాఫాయిడ్ గురించి. బొటనవేలి మొదట్లో, మణికట్టు లోపల ఉండే చిన్న ఎముక అది. చేయి చాచి పడితే మణికట్టు లోపలి చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. మొదటి ఎక్స్‌రేలో కొన్నిసార్లు కనబడదు, బెణుకేనని ఇంటికి పంపేస్తారు. ఆ ఎముకకి రక్తం ఒక చివర నుంచే ఎక్కువగా అందుతుంది కాబట్టి పట్టించుకోకపోతే అతుక్కోకుండా మిగిలిపోతుంది, కొన్నేళ్ళకి మణికట్టు అరిగి పట్టేస్తుంది.

తమ్ముణ్ణి బొటనవేలు బాగా పైకెత్తమనండి. మణికట్టు పక్కన తాళ్ళలా లేచే రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి అంటే ఈ వారమే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్స్‌రే బాగానే ఉందన్నా, స్కాఫాయిడ్ అనుమానం ఉందని మీరే అడగండి. ఎంఆర్ఐ తీస్తారు, లేదా కట్టు వేసి 10–14 రోజుల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. అప్పటిదాకా ట్రాక్ మాట అటుంచి, రోడ్డు మీద కూడా బండి ఇవ్వకండి. అలుగుతాడు, అలగనివ్వండి. ఏ చేతికి తగిలిందో, గుంటలో నొప్పి ఉందో లేదో కామెంట్‌లో రాయండి, మిగతాది మాట్లాడుకుందాం.