55 వేల పిస్టల్ నిజంగా చవకేనా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా పాప తొమ్మిదో తరగతి. పది నెలలుగా ఎయిర్ పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటోంది. అకాడమీ పిస్టల్‌ని ముగ్గురు పిల్లలు పంచుకోవాలి, అందుకే సొంతది కావాలంటోంది. ఒక డీలర్ 55,000కు కొత్త ఇంపోర్టెడ్ టార్గెట్ పిస్టల్ చూపించారు. ప్రతి షాట్‌కీ లివర్ లాగి గాలి నింపుకునే రకం. అకాడమీలో ఒక సీనియర్ తను వాడిన జర్మన్ పిస్టల్‌ని 1,20,000కు ఇస్తామంటున్నారు. అలాంటిదే కొత్తది 2,10,000, రెండేళ్ల ఈఎంఐ మీద ఇస్తారట. మా ఇద్దరి జీతాలు కలిపి 96,000. ఇంటి లోన్ 31,000, ఇంటి ఖర్చులు స్కూలు ఫీజుతో సహా 38,000, కోచింగ్ 6,500, పెల్లెట్లకు (పిస్టల్‌లో వేసే చిన్న గుండ్లు) 2,500, సిప్ 8,000. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. మావారు 55 వేలదే తీసుకుందామంటున్నారు. మీరేమంటారు?

జవాబు: నమస్కారం అమ్మా. పాప పది నెలలు మానకుండా వెళ్తోందన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. చాలామంది పిల్లలు మూడో నెలకే వేరే ఆట వైపు చూస్తారు. కాబట్టి ఈ ఖర్చును వృథా అనను. కానీ ఆ 55 వేల పిస్టల్ మాత్రం కొనొద్దు. మీ ముందున్న మూడింటిలో మీ ఇంటికి ఎక్కువ నష్టం తెచ్చేది అదే కావచ్చని నా భయం.

నగ కొనేటప్పుడు తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడగకుండా కొంటామా? పిస్టల్‌కీ తరుగు ఉంటుంది. కొన్న ధరలోంచి, రేపు అమ్మితే వచ్చే ధర తీసేయండి. మిగిలేదే మీ అసలు ఖర్చు. పేరున్న కంపెనీల మ్యాచ్ (పోటీ) పిస్టళ్లు, అంటే వాల్తర్, స్టెయిర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బౌ లాంటివి, పాతవైనా అడిగేవాళ్లు ఉంటారు. 1,20,000 పెట్టి కొన్నదాన్ని జాగ్రత్తగా వాడితే రెండేళ్ల తర్వాత 90 వేలు, 95 వేలు రావచ్చని నా అంచనా. తరుగు 30 వేల లోపే. 55 వేలదాన్ని రెండేళ్ల తర్వాత ఎవరు కొంటారు? స్పేర్లు దొరకవని తెలిసినవాళ్లు 20 వేలకు మించి ఇవ్వరు. తరుగు 35 వేలు. పైగా పాప పోటీల్లో ముందుకెళ్తే అప్పుడు మంచిది ఎలాగూ కొనాలి. అంటే రెండుసార్లు కొన్నట్టు.

మా అక్క కొడుకు విషయంలో ఇది కళ్లారా చూశాను. 38 వేలకు ఒక చవక ఇంపోర్టెడ్ పిస్టల్ కొన్నారు. కొనమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఐదో నెలలో సీల్, అంటే గాలి బయటికి పోకుండా ఆపే రింగు, లీకై పెల్లెట్లు గురికి కిందుగా తగలడం మొదలైంది. అమ్మిన దుకాణం వాళ్లు "వచ్చే వారం పార్ట్ వస్తుంది" అంటూ నాలుగు నెలలు తిప్పారు. చివరికి బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపులో ఒక రింగు చేయించాం. అది మూడు వారాలే ఆగింది. అన్నిటికన్నా వాడిని కుంగదీసింది మాత్రం ఒక పోటీలో జరిగిన చెకింగ్. అక్కడ ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి పిస్టల్‌ని మెల్లగా పైకి ఎత్తుతారు. ఆ బరువును ట్రిగ్గర్ మోయాలి, విడిపోకూడదు, అంటే పేలకూడదు. వాడి పిస్టల్ ట్రిగ్గర్ మూడుసార్లూ విడిపోయింది. సరిచేద్దామంటే ఆ మోడల్‌లో అడ్జస్ట్ చేసే స్క్రూనే లేదు. పద్నాలుగేళ్ల పిల్లాడు పెట్టె మూసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ పిస్టల్‌ని 11 వేలకు ఇచ్చేశాం.

అలాగని లివర్ పిస్టళ్లన్నీ పనికిరానివని అనుకోకండి. రష్యాలో తయారైన ఐజెడ్‌హెచ్-46ఎం ఈ రకానిదే. తక్కువ ధరలో గురి తప్పని పిస్టల్‌గా దానికి ప్రపంచమంతటా పేరుంది. ముందే గాలి నింపి పిస్టల్‌కి బిగించే సిలిండర్ అక్కర్లేదు, నింపించుకునే గొడవ లేదు. ఆదివారం పూట సరదాగా ప్రాక్టీస్ చేసుకునే పెద్దవాళ్లకు అలాంటిది బాగానే ఉంటుంది. మీ పాప పరిస్థితి వేరు. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు, దానికి ముందు సైటింగ్‌కి, అంటే లెక్కలోకి రాని ట్రయల్ షాట్లకు, 15 నిమిషాలు. ప్రతి షాట్‌కీ ఆ పొడవాటి లివర్‌ని లాగి, మళ్లీ గట్టిగా నొక్కి మూయాలి. వంద పెల్లెట్లు కాల్చే రోజున వందసార్లు. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం అడ్డం కొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు షర్టు గుండీ అంత. లివర్‌తో అలిసిన చెయ్యి ఆ గుండీ మీద నిలబడదు. సీనియర్ దగ్గరున్నదానిలా సిలిండర్ ఉన్న పిస్టల్‌లో ఈ శ్రమ ఉండదు.

2,10,000 ఈఎంఐ సంగతి క్లుప్తంగా చెప్తాను. వడ్డీ 15 శాతం అనుకుంటే 24 నెలల పాటు నెలకు సుమారు 10,180 కట్టాలి. వడ్డీ 34 వేలు దాటుతుంది, అది క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 6 వేలు. నెలాఖరుకు మీ దగ్గర మిగిలేదే 10,000. పోటీకి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే టికెట్ డబ్బులు ఎక్కడివి? వద్దు.

కొంటే సీనియర్ దగ్గరున్నదే కొనండి, కానీ ఇప్పుడే కాదు, ఆరు నెలల తర్వాత. మీ ఇంటికి తప్పనిసరి ఖర్చు నెలకు 78,000. మూడు నెలలకు 2,34,000. ఆ మొత్తాన్ని ఎఫ్‌డీలో ముట్టుకోవద్దు, ఉద్యోగాలకు ఏమైనా అయితే ఆదుకునేది అదే. పైనున్న 66,000 వాడుకోవచ్చు. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, ఎంతో బ్యాంకులో ముందే కనుక్కోండి. మిగిలే 10,000 ఈ నెల నుంచే ఆర్‌డీలో వేయండి. ఆరు నెలలకు 60,000. రెండూ కలిపితే 1,26,000. పిస్టల్ పోను 6 వేలు మిగులుతుంది, సీల్స్ మార్పించడానికి పనికొస్తుంది. సిప్ ఆపొద్దు, బంగారం కుదువ పెట్టొద్దు.

ఈ ఆరు నెలలూ పాప చిన్నబుచ్చుకోకుండా ఒక పని చేయొచ్చు. కోచ్‌తో మాట్లాడి, అకాడమీలో ఉన్నదీ మీరు కొనబోయేదీ ఒకే మోడల్ అయితే, పాప చేతికి సరిపడే గ్రిప్ (పిడి) ఒక్కటి ముందుగా కొనండి. గ్రిప్‌ని విడిగా బిగించుకోవచ్చు. తన వంతు వచ్చినప్పుడు తన గ్రిప్ పెట్టుకుని కాల్చుతుంది, రేపు అదే గ్రిప్ సొంత పిస్టల్‌కి వస్తుంది. ఆ వయసులో చెయ్యి ఇంకా పెరుగుతుంది కాబట్టి సైజు కోచ్‌నే చూడమనండి. ఆర్నెల్ల తర్వాత కూడా పాపకి ఇదే పట్టుదల ఉంటే కొనేటప్పుడు మీకు టెన్షన్ ఉండదు.

సీనియర్ పిస్టల్ చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా సిలిండర్‌ని తిప్పి చూడండి. దాని మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు. కొత్త సిలిండర్ ఖర్చు తక్కువేం కాదు. తేదీ దగ్గరపడి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని నిర్మొహమాటంగా అడగండి. గాలి నింపి, మీటర్ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసి, ఒక రాత్రి అలాగే ఉంచి పొద్దున మళ్లీ చూడండి. ముల్లు కిందికి దిగితే లీకు ఉన్నట్టే. తర్వాత కోచ్‌ని పక్కన పెట్టుకుని పాప చేత ఓ ముప్పై షాట్లు కాల్పించండి.

ఖరీదైనది కొంటే ఇక చెడిపోదని కూడా అనుకోవద్దు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది, విలువైన నిమిషాలు పోయాయి. ఆ అమ్మాయే 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఆ స్థాయిలో కూడా పిస్టల్ చెడితే బాగుచేసే మనిషి, పార్టు అందుబాటులో ఉండాలి. చవక పిస్టల్ విషయంలో ఆ రెండూ ఉండవన్నదే నా దిగులు.

విదేశీ వెబ్‌సైట్‌లో తక్కువకు కనిపిస్తోందని నేరుగా తెప్పించుకోకండి. ఎయిర్ పిస్టళ్ల దిగుమతికి ఆంక్షలున్నాయి, కస్టమ్స్‌లో ఆగిపోతే డబ్బూ పోతుంది, సరుకూ రాదు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కి, 20 జౌళ్ల శక్తి దాటనంతవరకు, లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టళ్లు అంతకన్నా చాలా తక్కువలోనే ఉంటాయి. అయినా గుర్తింపు, చిరునామా కాగితాలు ఇచ్చి, సీనియర్ దగ్గర పాత బిల్లు తీసుకుని, అమ్మినట్టు ఒక కాగితం రాయించుకోండి. అందులో పిస్టల్ సీరియల్ నంబరూ, సిలిండర్ తేదీ రెండూ ఉండాలి. ఇంట్లో దాన్ని తాళం పడే బీరువాలోనే పెట్టండి, పెల్లెట్ల డబ్బా వేరే చోట.