నీళ్లు పీల్చే ఓపల్‌కు మరక పడకుండా మెరుపు తేవడం ఎలా?

రాయిని ముందే శుభ్రమైన నీళ్లలో పూర్తిగా నానబెట్టి, తడి తోలు ప్యాడ్ మీద తెల్లని సీరియం ఆక్సైడ్‌తో (మెరుగుపెట్టే మెత్తని పొడి) నెమ్మదిగా పాలిష్ చేస్తే మరక పడే అవకాశం బాగా తగ్గుతుంది. ఈ రకం ఓపల్‌లో సిలికా రేణువుల మధ్య కంటికి కనిపించని ఖాళీలుంటాయి. రాయి పొడిగా ఉంటే పాలిష్ నీళ్లలోని రంగును, నూనెను లోపలికి లాగేసుకుంటుంది. మంచినీళ్లతో నిండి ఉంటే ఆ లాగుడు చాలావరకు తగ్గుతుంది.

ఇథియోపియాలోని వెలో ప్రాంతంలో దొరికే ఓపల్‌నే తీసుకోండి. నీళ్లలో వేయగానే సన్నని బుడగలు వదులుతుంది, క్రమంగా పారదర్శకమై రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. రాయి పాడైందని చాలామంది కంగారు పడతారు గానీ, నీడలో కొన్ని రోజులు ఆరితే రంగులు తిరిగొస్తాయి. ఎండలో పెట్టి తొందరపెడితే మాత్రం పగలొచ్చు. ఇక మెరుపు మసకగా ఉంటే గట్టిగా నొక్కకండి, ఆ రాపిడి వేడికి కూడా రాయి పగలొచ్చు. సాధారణంగా అది పాలిష్‌కు ముందు అరగదీసేటప్పుడు 600 గ్రిట్ (గ్రిట్ అంటే అరగదీసే రేణువుల సైజు అంకె, అంకె పెరిగేకొద్దీ రేణువులు సన్నం) గీతలు మిగిలిపోవడం వల్లే. మళ్లీ 1200, ఆ తర్వాత 3000 గ్రిట్‌తో అరగదీయాలి.