‘ఫేక్ పెట్టుకోవడం’ ఫోర్జరీ కిందికి వస్తుందా? ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాము. మా అబ్బాయి 2023లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక బీపీవోలో పదకొండు నెలలు చేసి మానేశాడు. తరువాత మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ జావా ఫుల్‌స్టాక్ కోర్సు చేశాడు. ఇంటర్వ్యూ కాల్స్ రావడం లేదు. లక్షా ఇరవై వేలు ఇస్తే రెండు సంవత్సరాల ఎనిమిది నెలల సాఫ్ట్‌వేర్ అనుభవానికి కావలసిన పత్రాలన్నీ ఇస్తామని ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారట. బీపీవో ఉద్యోగం మాట ఎక్కడా ఎత్తవద్దన్నారట. నాకు చెప్పకుండానే ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశాడు. ఇది ఫోర్జరీ కాదా అని అడిగితే ‘‘ఫోర్జరీ వేరు నాన్నా, ఇది ఫేక్ పెట్టుకోవడం. మా పీజీలో ఐదుగురు పెట్టారు, అందరూ జాబ్‌లో ఉన్నారు’’ అంటున్నాడు. ఈ రెండింటికీ నిజంగా తేడా ఉందా? మిగిలిన డబ్బు కట్టమంటారా?

సమాధానం: మిగిలిన లక్ష కట్టవద్దు. కారణాలు చెప్పే ముందు మీ అబ్బాయి అన్న తేడా సంగతి చూడాలి, ఎందుకంటే అతని ధైర్యమంతా ఆ ఒక్క ఇంగ్లీషు మాట మీదే నిలబడి ఉన్నట్టు కనిపిస్తోంది.

తేడా ఉన్న మాట నిజమే. ఇంగ్లీషులో ‘ఫేక్’ చాలా విస్తారమైన మాట. ప్లాస్టిక్ పూలకూ, పైపై నవ్వుకూ, దొంగ నోటుకూ కూడా దాన్ని వాడతారు, కాబట్టి అందులో నేరం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ‘ఫోర్జరీ’ అలాంటిది కాదు. ఒకరు ఇవ్వని పత్రాన్ని వారే ఇచ్చినట్టు, ఒకరు చేయని సంతకాన్ని వారే చేసినట్టు తయారు చేయడానికి, లేదా అసలు పత్రాన్ని మోసపూరితంగా మార్చడానికి మాత్రమే ఆ పేరు. లేనివాటిని ఉన్నట్టు లెక్కల్లో చూపినప్పుడు ‘బోగస్’ అంటారు. మన పత్రికలు బోగస్ ఓట్లు, బోగస్ రేషన్ కార్డులు అని రాసేది ఆ అర్థంలోనే. తెలుగులో కూడా నోటు దొంగది, విత్తనం నకిలీది, పాలు కల్తీవి అనడం ఎక్కువ. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీలలో ఉండే మన పిల్లల మధ్య మాత్రం ‘ఫేక్’కు ‘పెట్టడం’ తోడై, రెజ్యూమెలో ఒక వాక్యం గొప్పగా రాసుకోవడం దగ్గర నుంచి పరాయి కంపెనీ లెటర్‌హెడ్, ముద్ర, హెచ్‌ఆర్ సంతకం నకిలీగా తయారు చేయించుకోవడం దాకా అన్నిటికీ అదే మాట సరిపోతోంది. ‘‘వాడు ఫేక్ పెట్టి (ఉద్యోగం) కొట్టాడు’’ అన్నప్పుడు వాడు వీటిలో ఏది చేశాడో వినేవారికి తెలియదు. వాడుకలోని ఈ సౌకర్యాన్నే కన్సల్టెన్సీలు అమ్ముకుంటున్నాయని నా అభిప్రాయం.

అందుచేత మాటను పక్కన పెట్టి, ఆ కాగితం మీద ఎవరి పేరు ఉందో చూడమని మీ అబ్బాయికి చెప్పండి. కోర్సులో చేసిన ప్రాజెక్టును తన రెజ్యూమెలో కాస్త పెద్దది చేసి రాసుకుంటే, జావాతో వాడే స్ప్రింగ్ బూట్ కొద్దిగా తెలిసినా బాగా వచ్చని రాసుకుంటే, ఆ అతిశయోక్తి అతని పేరు మీదే ఉంటుంది. నేను దాన్ని ప్రోత్సహించను, అయితే ఇంటర్వ్యూలో రెండు లోతైన ప్రశ్నలతో అది తేలిపోతుంది కనుక పెద్దగా భయపడను కూడా. కన్సల్టెన్సీ ఇస్తానన్న కట్టలో సాధారణంగా ఉండేవి ఆఫర్ లెటర్, జీతం పెంచినట్టు ఒక లెటర్, మూడు నెలల పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఫామ్ 16 (జీతంలో కోసిన పన్నుకు యజమాని ఇచ్చే పత్రం), కొన్నిసార్లు మార్చిన బ్యాంక్ స్టేట్‌మెంట్. వీటిలో ఏ ఒక్కటీ మీ అబ్బాయి తన పేరుతో తాను ఇచ్చేది కాదు. యజమాని, బ్యాంకు, ఆదాయపు పన్ను వ్యవస్థ తమ తమ పేర్లతో ఇవ్వవలసిన పత్రాలవి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ ఫోర్జరీకి సంబంధించినది. మోసం చేయడానికి ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. తయారు చేసింది కన్సల్టెన్సీ, మావాడు వాడుకున్నాడంతే అని మీరు అనుకోవడానికి కూడా వీలు లేదు, ఎందుకంటే నకిలీదని తెలిసీ ఒక పత్రాన్ని అసలుదిగా వాడినవారిని తయారు చేసినవారితో సమానంగా శిక్షించాలని 340వ సెక్షన్ చెబుతోంది. కంపెనీలు సాధారణంగా పోలీసుల దాకా వెళ్లకుండా ఉద్యోగం నుంచి తీసేసి ఊరుకుంటాయి. అది వాటి సౌకర్యం కోసం చేసే పని. దాన్ని మన హక్కుగా లెక్కవేసుకోకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం వేరే ఉంది. బీపీవో ఉద్యోగం మాట ఎత్తవద్దని వారు చెప్పడం. ఆ పదకొండు నెలలలో అతని జీతం నుంచి పీఎఫ్ కోసి ఉంటే, అతని పేరున యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) ఇప్పటికే ఉన్నట్టే. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో పోర్టల్‌లో ‘సర్వీస్ హిస్టరీ’ అనే పేజీ తెరిస్తే సంస్థ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ వరుసగా కనిపిస్తాయి. నకిలీ పత్రాల ప్రకారం అతను 2023 నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెవలపర్. పీఎఫ్ రికార్డు ప్రకారం అదే కాలంలో పదకొండు నెలలపాటు ఒక బీపీవోలో ఉద్యోగి. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే సమయంలో ఎలా పొసగుతాయని అడిగితే అతని దగ్గర సమాధానం ఉండదు. కొత్త యూఏఎన్ తీసుకోమని కన్సల్టెన్సీ వారు సలహా ఇవ్వవచ్చు. ఒక మనిషికి ఒకే యూఏఎన్ ఉండాలన్నది నియమం, పైగా అది ఆధార్‌తో ముడిపడి ఉంది, కాబట్టి ఆ సలహా ఇచ్చేవారికి ఈ వ్యవస్థ తెలియదనుకోవాలి, లేదా మీ అబ్బాయి తరువాత ఏమైపోయినా వారికి పట్టదనుకోవాలి. నేను రెండవదే అనుకుంటున్నాను.

కొందరు ఇంకొంచెం తెలివిగా, ‘‘మాది జెన్యూన్ పీఎఫ్‌తో ఎక్స్‌పీరియన్స్’’ అంటారు. ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని రిజిస్టర్ చేసి, మీరిచ్చిన డబ్బునే నెలనెలా జీతంగా మీ అబ్బాయి ఖాతాలో వేసి, పీఎఫ్ కూడా కడతారు. ఈ ఏర్పాటు జరిగిపోయిన నెలలకు పనికి రాదు. ఏ నెల జీతానికి సంబంధించిన చందా ఏ తేదీన జమ అయిందో పాస్‌బుక్‌లో విడివిడిగా ఉంటుంది. రెండున్నరేళ్ల చందా ఒక్కసారే వచ్చిపడితే పరిశీలించేవారికి వేరే ఆధారం అక్కర లేదు. ఆ కంపెనీ ఎప్పుడు రిజిస్టర్ అయింది, దాని చిరునామా ఎక్కడ అన్నది కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. జీతంలో పన్ను కోసినట్టు ఫామ్ 16 చూపిస్తే, అదే మొత్తం పన్ను శాఖ దగ్గర ఉండే 26ఏఎస్ అనే వివరంలో కూడా కనిపించాలి. కాగితం ఒక్కదాన్ని ఎంత చక్కగా తయారు చేసినా, దానికి జవాబు చెప్పే రికార్డులు ఇంకొకరి చేతిలో ఉన్నాయి.

పీజీలోని ఐదుగురి సంగతి. వారు నిజంగానే ఉద్యోగాలలో ఉండవచ్చు. ఇలా చేరినవారందరూ దొరికిపోతారని నేను చెప్పను. అయితే ఐటీ కంపెనీలలో బీజీవీ, అంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, చాలాసార్లు ఉద్యోగంలో చేరిన తరువాత కూడా సాగుతూనే ఉంటుంది. నివేదికలను ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగులతో ఇవ్వడం ఈ ఏజెన్సీలలో మామూలు పద్ధతి. పాత కంపెనీ మూతపడినందువల్ల నిర్ధారించలేకపోతే నారింజ, పత్రమే నకిలీదని తేలితే ఎరుపు. మొదటిదానికి వివరణ అడుగుతారు. ఎరుపు వస్తే చాలాచోట్ల అడగరు, తప్పుడు సమాచారం ఇస్తే తీసేస్తామని ఆఫర్ లెటర్‌లో ఉన్న నిబంధనను చూపి ఆ రోజే లాప్‌టాప్ తీసుకుంటారు. కంపెనీలు వెనక్కి తిరిగి పాత చేరికలను తవ్వడం కూడా ఉంది. 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా, ఉనికిలో లేని కంపెనీల అనుభవ పత్రాలతో చేరిన ఉద్యోగులను తొలగించినట్టు తానే ప్రకటించింది. ఆ ఉద్యోగులు కూడా అప్పటిదాకా ఏదో ఒక పీజీలో ‘జాబ్‌లో ఉన్నవారి’ లెక్కలోనే ఉండి ఉంటారు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మీ అబ్బాయి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టే ప్రాక్సీ బేరం కూడా కన్సల్టెన్సీ వారు పెట్టి ఉంటే, దానికి సమాచార సాంకేతిక చట్టంలో 66డి అనే సెక్షన్ విడిగా ఉందని, మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయని చెప్పండి.

మన ఇళ్లలో పిల్లవాడు సాఫ్ట్‌వేర్‌లో చేరాడంటే అమెరికా ఆలోచన కూడా వెంటనే మొదలవుతుంది కనుక ఇంకొక్క మాట. వీసా దరఖాస్తులో ఉద్యోగ చరిత్ర రాయాలి. అందులో ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం ఆ దేశంలోకి ప్రవేశానికి శాశ్వత అనర్హత రావచ్చు. మినహాయింపులు ఉన్నా అవి సులభంగా దొరికేవి కావు.

ఇక చేయవలసినది. మీ అబ్బాయి దాచుకుంటున్న ఆ పదకొండు నెలలే ఇప్పుడు అతని దగ్గర ఉన్న ఏకైక రుజువైన అనుభవం. దానిని రెజ్యూమెలో పైన పెట్టమనండి. కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడడం, ఫిర్యాదుకు టికెట్ తెరిచి గడువులోగా మూసివేయడం, సమస్యను పై టీముకు ఎస్కలేట్ చేయడం, నైట్ షిఫ్టులు చేయడం అతనికి వచ్చు. వాటికి జావా, ఎస్‌క్యూఎల్ చేర్చుకుంటే అతను సరిపోయే ఉద్యోగాలు అప్లికేషన్ సపోర్ట్, ప్రొడక్షన్ సపోర్ట్, సర్వీస్ డెస్క్ వంటివి. వైట్‌ఫీల్డ్‌లోనూ అవుటర్ రింగ్ రోడ్డు మీదా ఉన్న సర్వీస్ కంపెనీలలో ఇలాంటి బృందాలు ఎప్పుడూ ఉంటాయి. జీతం అతను ఊహించుకున్నంత రాదు, ‘డెవలపర్’ అన్న పేరు కూడా మొదట రాదు. అయితే లాగ్‌లు (ప్రోగ్రాం నడుస్తూ రాసుకునే రికార్డులు) చదివి తప్పు ఎక్కడ ఉందో పట్టుకోగలిగిన సపోర్ట్ ఇంజినీరు డెవలప్‌మెంట్ బృందంలోకి మారడం ఈ నగరంలో కొత్త విషయం కాదు. ఇప్పుడు అతను ఫ్రెషర్ ఉద్యోగాలకు ఒక రెజ్యూమె, మూడేళ్ల అనుభవం అడిగే ఉద్యోగాలకు ఇంకొకటి పంపుతున్నాడేమో కనుక్కోండి. నౌక్రీ వంటి ఉద్యోగాల వెబ్‌సైట్లలో ఒకే నంబరుతో రెండు రకాల చరిత్ర కనిపిస్తే కాల్స్ రాకపోవడానికి అదొక్కటే చాలు.

చదివింది ఈసీఈ కనుక ఇంకొక దారి ఉంది. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం ఎన్‌ఏటీఎస్ కింద బెంగళూరులోని హెచ్‌ఏఎల్, బీఈఎల్ వంటి సంస్థలు గ్రాడ్యుయేట్ ఇంజినీర్లను ఏడాది శిక్షణకు తీసుకుంటాయి. స్టైపెండ్ చిన్నదే, అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా లేదు, కానీ చివర వచ్చే సర్టిఫికెట్‌ను ఎవరూ ప్రశ్నించలేరు. సాధారణంగా ఈ ప్రకటనలలో ఏడాది లేదా అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారు అనర్హులని రాస్తారు; మీ అబ్బాయిది పదకొండు నెలలే. తనకు లేని అనుభవాన్ని డబ్బిచ్చి తెచ్చుకుంటే ఈ తలుపు కూడా మూసుకుపోతుందని అతనికి తట్టి ఉండదు. పాసైన సంవత్సరం గడువు ఒక్కో ప్రకటనలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి దరఖాస్తుకు ముందు దానిని చూసుకోవాలి.

మధ్యలో ఉన్న ఖాళీ నెలల గురించి అడిగితే, కోర్సు చేశాను, వెతుకుతున్నాను అని రెండు వాక్యాలలో చెప్పి ఊరుకోమనండి. గ్యాప్ ఉందని కొందరు తిరస్కరిస్తారు. వారు తిరస్కరించినా మరుసటి వారం అదే రెజ్యూమెతో ఇంకొక చోటికి వెళ్లవచ్చు. ఎరుపు నివేదిక వచ్చినవాడికి ఆ రెజ్యూమెను మార్చుకోక తప్పదు, మార్చినకొద్దీ పాత కాపీలు అడ్డం వస్తాయి.

చివరగా, కట్టిన ఇరవై వేలు. డబ్బు వెనక్కి అడగడం వాట్సాప్ మెసేజ్‌లో లేదా ఈమెయిల్‌లో జరగాలి, ఫోన్‌లో కాదు. వస్తుందని ఆశ పెట్టుకోకండి. రాకపోతే వదిలేసుకోవడమే చౌక, ఎందుకంటే ఆ నష్టాన్ని రాబట్టాలన్న పట్టుదలతోనే చాలామంది మిగిలిన లక్ష కడతారు. అంతకన్నా ముఖ్యం, అతను ఆధార్, పాన్ కాపీలతో పాటు యూఏఎన్ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ వారికి ఇచ్చాడేమో ఈ రోజే అడగండి. ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ మార్చి, సర్వీస్ హిస్టరీ తెరిచి బీపీవో తప్ప వేరే సంస్థ పేరు ఏదైనా చేరిందేమో చూడండి. చేరి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్‌లో, ఆ సంస్థలో తాను ఎప్పుడూ పని చేయలేదని మీ అబ్బాయి చేతనే ఫిర్యాదు పెట్టించండి. ఒరిజినల్ మార్కుల మెమోలు వారి దగ్గర ఉంటే అతన్ని ఒక్కడినే పంపకుండా మీరు కూడా వెంట వెళ్లండి.