యాంప్లిఫయర్ చేస్తానన్న అబ్బాయికి బాబాయి ఉత్తరం

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నిన్న వదిన ఫోన్ చేసింది. "మీవాడు హాస్టల్ గదిలో ఏదో నాలుగొందల వాట్ల యాంప్లిఫయర్ చేస్తాడట, డబ్బులు పంపమంటున్నాడు, పంపనా వద్దా?" అంది. పంపమన్నాను. మన ఇంట్లో మళ్లీ ఒకడు సోల్డరింగ్ ఐరన్ పట్టాడంటే నాకెంత సంతోషమో నీకు తెలీదు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. అందుకే ఇది రాస్తున్నా.

నువ్వు పంపిన సర్క్యూట్ చూశాను. పైన ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ల జత, కింద వాటికి తిరగేసిన రకం పీఎన్‌పీ జత, ఔట్‌పుట్ దాకా రెండు సగాలూ సమానం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా రోజుల్లో మంచి పీఎన్‌పీ పవర్ ట్రాన్సిస్టర్ దొరకడమే గగనం, దొరికినా ధర మండిపోయేది. 1956లో లిన్ అనే ఇంజనీరు చూపించిన దారి ఒకటుంది, ఔట్‌పుట్‌లో రెండు వైపులా ఒకే రకం ట్రాన్సిస్టర్లు వాడటం. మేం రెండు వైపులా ఎన్‌పీఎన్ 2ఎన్3055లతో అలాగే బండి లాగించేవాళ్లం. నీకు 2ఎస్‌సీ5200, దానికి జోడీగా 2ఎస్‌ఏ1943 దర్జాగా దొరుకుతున్నాయి.

అయితే కాగితం మీద ఉన్న సిమెట్రీ బోర్డు మీదకి అలాగే రాదు. ఎన్‌పీఎన్, పీఎన్‌పీ ఎంత జోడీ అన్నా అచ్చంగా ఒకటి కావు. పైగా నువ్వు ఇన్‌పుట్ దగ్గరి రెండు డిఫరెన్షియల్ జతలకీ కరెంట్ మిర్రర్లు, అంటే ఒకవైపు కరెంటుని రెండోవైపు అచ్చుగుద్దే సర్క్యూట్లు, పెట్టావు. అలా పెడితే తర్వాతి స్టేజిలో పాట లేనప్పుడు ఎంత కరెంటు పారాలో తేల్చేది ఏదీ ఉండదు. ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటుంది, వేడెక్కితే ఇంకోలా మారుతుంది. మొదటి సెట్టుకి మిర్రర్లు తీసేసి మామూలు రెసిస్టర్లు పెట్టు. గెయిన్ కాస్త తగ్గినా ఫరవాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. 50-0-50 ట్రాన్స్‌ఫార్మర్ అంటే డీసీ అయ్యాక ప్లస్ మైనస్ 70 వోల్టులు. రాత్రిపూట లైనులో 250 వచ్చిందంటే అది 76 దాటుతుంది, కాబట్టి కెపాసిటర్లు 100 వోల్టులవే కొను. గ్రౌండ్లన్నీ ఒక్క చోటే కలుపు. ఔట్‌పుట్ దగ్గర పది ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు మర్చిపోకు. పాట పెట్టకుండానే ఆ రెసిస్టరు కాలుతోందంటే సెట్టు ఆసిలేట్ అవుతున్నట్టే, అంటే సిగ్నల్ లేకుండా దానంతటదే ఊగుతున్నట్టే. ట్రాన్సిస్టర్ల కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగినా సరే, మరీ చవగ్గా ఇస్తే నకిలీ అనే అనుకో. ఒకటి ఎక్కువ కొని పగలగొట్టి, లోపల చిప్పు ఎంతుందో చూడు. మరీ చిన్నదైతే మిగతావి వెనక్కిచ్చెయ్.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పడు, నేను చెప్పానని నువ్వూ అనకు.

నువ్వు పుట్టకముందు తణుకులో మాకు మైక్ సెట్ షాపుండేది. నేను వైర్లు లాగేవాణ్ని, సెట్లు చేసేది అన్నయ్యే. 2ఎన్3773, 2ఎన్6609 జోడీలు ఎక్కడెక్కడో సంపాదించి, ప్లస్ మైనస్ 56 వోల్టుల మీద ఒక పెద్ద సెట్టు చేశాడు. దసరా నవరాత్రుల్లో ఒకరోజు ట్రాన్సిస్టర్ల వేడి లాగేసే హీట్‌సింక్ మార్చాల్సి వచ్చింది. బయాస్‌ని, అంటే పాట లేనప్పుడు పెద్ద ట్రాన్సిస్టర్లలో పారే కరెంటుని, చూసుకునే చిన్న ట్రాన్సిస్టర్ దానికే బిగించి ఉండేది కదా, కొత్త హీట్‌సింక్‌కి దాని బోల్టు బెజ్జం లేదు. పందిరి వాళ్లు తొందర పెడుతున్నారు. "రేపు డ్రిల్ చేద్దాంలే" అని దాన్ని వైర్లకి వేలాడదీసి వదిలేశాడు.

పొద్దున టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉంది, చల్లగా ఉంది కాబట్టి. రాత్రి హరికథ సగంలోకి వచ్చేసరికి పెద్ద ట్రాన్సిస్టర్లు సెగలు కక్కుతున్నాయి. గాల్లో వేలాడే చిన్నదానికి ఆ వేడి తగిలితేగా, బయాస్ తగ్గించడానికి? కరెంటు పెరిగింది, దాంతో వేడి, ఆ వేడికి మళ్లీ కరెంటు. ముందు వాసన వచ్చింది. తర్వాత స్పీకర్ బాక్సులోంచి ఒక్కటే దెబ్బ. కోన్ ముందుకు పొడుచుకొచ్చి అలాగే ఆగిపోయింది. ఆరు ఓమ్‌ల కాయిల్‌లోకి 56 వోల్టుల డీసీ అంటే తొమ్మిది ఆంపియర్లు, ఐదొందల వాట్ల పైనే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అంతకుముందే దాని చోట రాగి పోగులు చుట్టి ఉన్నాయి, ఇక ఆపేదేముంది? కోన్ అంటుకుంది. పక్కనే పందిరి గుడ్డ. మీ నాన్న ఆ మండే బాక్సుని ఒట్టి చేతులతో ఎత్తి బయటికి విసిరేశాడు. ఆయన కుడి అరచేతిలో మచ్చ పాలగిన్నె కాలిందని నీకు చెప్పాడు కదూ? అది ఆ రాత్రిదే.

ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ పండగ తర్వాత మళ్లీ సెట్టు ముట్టుకోలేదు, ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. నాకంటే వందరెట్లు పనిమంతుడు. నువ్వు అడిగితే "నాకవేం తెలీవురా" అంటాడు, చూడు.

కాబట్టి హీట్‌సింక్ మీద నువ్వు మొదట బిగించేది ఆ చిన్న ట్రాన్సిస్టరే, ఔట్‌పుట్ వాటి పక్కనే. బయాస్ తక్కువ నుంచి మొదలుపెట్టి, 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులు వచ్చేదాకా పెంచు, 50 మిల్లీఆంపియర్లు అన్నమాట. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూడు. స్పీకర్‌ని కాపాడటానికి యూపీసీ1237 చిప్పు పెట్టి రిలే వెయ్యి. 70 వోల్టుల డీసీకి రిలే తెరుచుకున్నా కాంటాక్టుల మధ్య ఆర్క్ ఆగదు, అందుకని స్పీకర్ వైరు రిలే కామన్ కాంటాక్టుకి ఇచ్చి, రిలే వదిలేసినప్పుడు దానితో కలిసే నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టుని గ్రౌండ్‌కి కలుపు. ప్లస్, మైనస్ సప్లై లైన్లకి, అదే రైళ్లంటామే, వాటికి ఫ్యూజులు సరైనవి వెయ్యి. రాగి పోగు చుట్టావని తెలిస్తే హాస్టల్‌కొచ్చి తంతాను.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తగిలించకు. సిరీస్‌లో 100 వాట్ల బల్బు పెట్టు, పాత ఫిలమెంట్ బల్బే, ఎల్‌ఈడీ పనికిరాదు. వెలిగి మసకబారితే సరే, అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపెయ్.

ఆపేశాక కూడా చెయ్యి పెట్టకు నాన్నా. రెండు రైళ్ల మధ్య 140 వోల్టులు నిలిచి ఉంటాయి. ఒక్కో రైలుకి 10,000 మైక్రోఫారడ్లంటే, ఛార్జి ఖాళీ చేసే 2.2 కిలోఓమ్‌ల 5 వాట్ల బ్లీడర్ రెసిస్టరు ఉన్నా ఖాళీ అవడానికి దాదాపు రెండు నిమిషాలు. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూసి ముట్టుకో. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వేషాలొద్దు. రాత్రి ఒంటరిగా పవర్ ఇవ్వకు, రూమ్మేట్‌ని స్విచ్ దగ్గర నిలబెట్టు. వాడికి నిద్రొస్తోందంటే పని రేపటికి వాయిదా.

ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆన్‌లైన్‌లో కొనకు. ఇక్కడ వైండింగ్ ఆయన ఇంకా ఉన్నాడు, గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్లు బాగా చుడతాడు. ఒక ఛానెలా, రెండా? ఎన్ని వీఏ (వోల్ట్-ఆంపియర్లు) కావాలి? ఆదివారంలోపు మెసేజ్ పెట్టు, సోమవారం ఆయన కూతురింటికి వెళ్తున్నాడట. డబ్బు నేనిస్తాలే, వదినని అడగకు.

మీ బాబాయి