ప్రైమరీ ప్రచారం కోసం ఇంటి మీద అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నేను ఐటీ ఉద్యోగిని, నా భార్య బడిలో పార్ట్‌టైమ్‌గా పనిచేస్తుంది. ఇద్దరం అమెరికా పౌరులమే. ఇద్దరు పిల్లలు. అన్ని కోతలూ పోను నెలకు 8,900 డాలర్లు చేతికి వస్తాయి. అందులో నా జీతం 7,100. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 7,000. పొదుపు ఖాతాలో 5,500 ఉన్నాయి. 2024లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన వివేక్ రామస్వామి కోసం అయోవా వెళ్లి ప్రచారం చేశాను. అప్పటి ఖర్చులూ ఆ తరువాతి ఇంటి అవసరాలూ కలిసి క్రెడిట్ కార్డుల మీద 18,400 డాలర్ల బాకీ అయింది. వడ్డీ 24 శాతం. 2028 ప్రైమరీల్లో, అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, దిగాలనుకుంటున్న మరొక నాయకుడికి గెలిచే అవకాశం తక్కువని అందరూ అంటున్నా, మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి న్యూహాంప్‌షైర్‌లో ఆయన కోసం పనిచేయాలని ఉంది. ఇంటిపై 40,000 డాలర్ల హోమ్ ఈక్విటీ రుణం తీసుకుని, కార్డులు తీర్చేసి, మిగిలినది ఇందుకు వాడతాను. హెచ్-1బీ వీసాపై ఉన్న మా తమ్ముడి పేరున కూడా నేనే విరాళం ఇద్దామనుకుంటున్నాను. ఇబ్బంది వస్తే షాద్‌నగర్ దగ్గర 200 గజాల ప్లాటు ఉంది. ఈ ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక మంచి పనికి గడువు దగ్గరపడుతోందన్న తొందరలో, ఇంట్లో పది వారాల ఖర్చుకు కూడా డబ్బు లేకుండానే అప్పు చేసేవారు నాకు తరచుగా కనిపిస్తారు. కొందరు గుడి నిర్మాణానికి, కొందరు ఊళ్లో సర్పంచి ఎన్నికకు, మరికొందరు మీలాగా అధ్యక్ష ఎన్నికకు ఈ పని చేస్తారు. ఉద్దేశం వేరైనా పొరపాటు ఒక్కటే.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గెలుపు అవకాశం తక్కువగా ఉన్న అభ్యర్థి కోసం పనిచేయడం వృథా అని నేను అనను. 1968లో సొంత డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడిపైనే పోటీకి దిగిన సెనేటర్ యూజీన్ మెకార్తీ న్యూహాంప్‌షైర్‌లో గెలవలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు దాదాపు 49 శాతం వస్తే మెకార్తీకి 42 శాతం వచ్చింది. ఆ నెలాఖరుకే జాన్సన్ తాను మళ్లీ పోటీ చేయబోనని ప్రకటించారు. గడ్డాలు గీసుకుని, జుట్టు కత్తిరించుకుని గడపగడపకూ తిరిగిన కళాశాల విద్యార్థులు ఆ ఫలితం వెనుక ఉన్నారు. వారు తెచ్చింది సమయం, ఓపిక. వారి బలం అప్పు తెచ్చిన డబ్బులో లేదు, మీ బలం కూడా అందులో ఉండవలసిన అవసరం లేదు.

2007 ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది. రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన రాన్ పాల్ మద్దతుదారులు ప్రచార కార్యాలయంతో సంబంధం లేకుండా తామే తేదీలు నిర్ణయించుకుని, నవంబరు 5న ఒక్కరోజులో 40 లక్షల డాలర్లకు పైగా, డిసెంబరు 16న సుమారు 60 లక్షల డాలర్లు పోగుచేశారు. ఆయన పేరు రాసిన గాలి ఓడను కూడా అద్దెకు తెచ్చి ఎగరేశారు. ఉద్యోగం వదులుకుని న్యూహాంప్‌షైర్‌లో మకాం పెట్టి, దేశం నలుమూలల నుంచి వచ్చిన వాలంటీర్లకు బస చూసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా వారిలో ఉన్నారు. ఇంత చేసినా 2008 జనవరిలో పాల్‌కు అయోవాలో 10 శాతం, న్యూహాంప్‌షైర్‌లో 8 శాతం ఓట్లే వచ్చాయి. ఆ డిసెంబరు 16న ఇచ్చినవారు యాభై వేల మందికి పైనే కాబట్టి, తలకు సుమారు వంద డాలర్లు పడింది. వంద డాలర్లు ఇచ్చిన మనిషి ఓటమి మర్నాడు మామూలుగా పనికి వెళ్లగలడు. 40,000 డాలర్ల రుణం తీసుకున్న మనిషి పరిస్థితి అది కాదు.

మీరు జతచేసిన కార్డు స్టేట్‌మెంట్లలో 2024 జనవరి పేజీని నేను రెండుసార్లు చదివాను. అయోవా రాజధాని డెమాయిన్‌లో ఐదు రాత్రుల హోటల్, అద్దె కారు, మంచులో నడిచే బూట్లు రెండు జతలు, వాలంటీర్లందరికీ మీరే తెప్పించిన పిజ్జాలు నాలుగు చోట్ల కనిపించాయి. వాటి కింద, ఆ తరువాతి వారానికి న్యూహాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో తీసుకున్న హోటల్ గది ఉంది, రద్దు చేసుకున్నా డబ్బు తిరిగి రాని పద్ధతిలో. జనవరి 15న అయోవాలో రామస్వామి 8 శాతానికి కాస్త తక్కువ ఓట్లతో నాలుగో స్థానంలో నిలిచి ఆ రాత్రే తప్పుకొన్నారు. మీరు దిగని ఆ గది అద్దె మీద ఇవాళ్టికీ 24 శాతం వడ్డీ కడుతున్నారు. ఇంకొక వరుస కూడా చూడండి: ఒక మద్దతుదారుల కమిటీకి ప్రతి నెలా 50 డాలర్ల చొప్పున జూన్ వరకు వెళ్తూనే ఉన్నాయి. విరాళం పేజీలో ‘ప్రతి నెలా’ అని ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని గమనించకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఈ పద్ధతిని నిషేధించాలని ఫెడరల్ ఎన్నికల కమిషన్ 2021లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు సిఫారసు చేసింది. రామస్వామి ప్రచారానికి అయిన ఖర్చులో పెద్ద వాటా ఆయన సొంత సంపద నుంచి వచ్చిందని కూడా గుర్తుంచుకోండి. ఆ రాత్రి తప్పుకోవడం ఆయన ఇంటి ఖర్చును తాకలేదు, మీ ఇంటిని మాత్రం రెండేళ్లు దాటినా వదల్లేదు.

ఇప్పుడు మీ కొత్త లెక్క చూద్దాం. 40,000లో 18,400 కార్డులకు పోతే 21,600 మిగులుతుంది. మూడు నెలలు మీ జీతం ఆగిపోతే తగ్గే రాబడి 21,300. అంటే ప్రచారానికని తీసుకునే అప్పులో మీ చేతిలో మిగిలేది 300 డాలర్లు. న్యూహాంప్‌షైర్‌లో బస, ఎడిసన్ నుంచి ఒక్కో వైపుకు సుమారు ఐదు గంటల ప్రయాణం, విరాళాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆరోగ్య బీమా, ఇవేవీ మీ లెక్కలో లేవు. ఈ ఖర్చులన్నీ అప్పుడే ఖాళీ అయిన కార్డుల మీదికే వెళ్తాయి. చివరికి కార్డు బాకీ, ఇంటి మీద అప్పు రెండూ ఉంటాయి. ఎనిమిది శాతం వడ్డీ వేసుకున్నా ఇంటి అప్పుకు నెలకు 267 డాలర్లు వడ్డీ కిందే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. తక్కువ వడ్డీతో ఎక్కువ వడ్డీని తీర్చడం తెలివైన పని కదా అని మీరు రాశారు. కార్డు అప్పుకు మీ ఇల్లు హామీ కాదు, ఈ అప్పుకు హామీ. పిల్లలు పడుకునే ఇంటిని ఒక ఎన్నికల తేదీకి ముడిపెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. రిటైర్మెంట్ ఖాతా మీద రుణం కూడా నాకు సమ్మతం కాదు: ఉద్యోగం పోతే మరుసటి సంవత్సరపు పన్ను గడువులోగా దాన్ని తీర్చాలి, లేకపోతే పన్నూ 10 శాతం జరిమానా కూడా పడతాయి.

నా ప్రధాన ఆందోళన మాత్రం ఆ 5,500 డాలర్ల గురించే. మీ ఖర్చుతో పోలిస్తే అది ఇరవై నాలుగు రోజుల డబ్బు. ఐటీలో ఉద్యోగం పోతే కొత్తది దొరకడానికి ఎన్ని నెలలు పడుతోందో మీ స్నేహితుల్లోనే చూసి ఉంటారు. మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 42,000 డాలర్లు విడిగా ఉండాలి. మీ కుటుంబానికి అంతకంటే ఎక్కువే కావాలని నేను అంటాను, ఎందుకంటే మీ తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు. అతని ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఆ రోజుల్లో అతను వచ్చేది మీ ఇంటికే. ఊళ్లో అమ్మానాన్నలకు ఒంట్లో బాగాలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే నలుగురికీ టికెట్లు కొనవలసింది కూడా మీరే. షాద్‌నగర్ ప్లాటును ఇందులో కలపకండి. అమ్మకందారు విదేశంలో ఉంటే కొనుగోలుదారు ముందే పన్ను (టీడీఎస్) కోయాలి, పవర్ ఆఫ్ అటార్నీ, రిజిస్ట్రేషన్, డబ్బు ఇక్కడికి పంపడానికి చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం, ఇవన్నీ పూర్తయ్యేసరికి నెలలు గడుస్తాయి. ప్లాటు ఆస్తే, కానీ అత్యవసర నిధి కాదు.

జీతం లేని సెలవు విషయంలో మీరు ఊహించని ప్రమాదం మరొకటి ఉంది. కుటుంబ, వైద్య కారణాలకు చట్టం ఇచ్చే పన్నెండు వారాల రక్షణ రాజకీయ ప్రచారానికి వర్తించదు. తిరిగి వచ్చేసరికి మీ కుర్చీ అక్కడే ఉంటుందన్న హామీ కంపెనీ దయ మీద ఆధారపడుతుంది, అది కాగితం మీద ఉండాలి. సెలవులో కంపెనీ ఆరోగ్య బీమా ఆగిపోతే, కోబ్రా అనే చట్టం కింద దాన్ని కొనసాగించడానికి ప్రీమియం మొత్తాన్నీ నిర్వహణ రుసుముతో కలిపి 102 శాతం వరకు మీరే కట్టాలి. కుటుంబానికి ఇది నెలకు రెండు వేల డాలర్ల ప్రాంతంలో ఉండడం సాధారణం. జీవిత బీమా కూడా కంపెనీ ఇచ్చేదేనని రాశారు. మంచు రోడ్ల మీద వారం వారం పది గంటలు కారు నడపాలనుకునే ఇద్దరు పిల్లల తండ్రికి సొంత టర్మ్ పాలసీ లేకపోవడం నాకు భయం కలిగిస్తోంది. ప్రచారం ఉన్నా లేకపోయినా దాన్ని ఈ నెలలోనే తీసుకోండి.

విరాళాల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2025-26లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం 3,500 డాలర్లు, ఇది రెండేళ్లకొకసారి ధరలను బట్టి మారుతుంది. భార్యాభర్తలకు వేర్వేరు పరిమితులు ఉంటాయి. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే ఇవ్వవచ్చు. మీ తమ్ముడు ఇవ్వకూడదు, అతని పేరున మీరు అసలే ఇవ్వకూడదు. ఒకరి డబ్బును మరొకరి పేరున ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, అది అతని వలస దరఖాస్తులకు కూడా చిక్కు తెచ్చిపెట్టగలదు. అతనికి ఆసక్తి ఉంటే జీతం తీసుకోకుండా ఫోన్లు చేయవచ్చు, కరపత్రాలు పంచవచ్చు, కాకపోతే ప్రచార నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. వాలంటీరుగా మీరు ప్రయాణానికి సొంతంగా పెట్టే ఖర్చు ఒక ఎన్నికకు 1,000 డాలర్లు దాటితే, దాటినది విరాళంగానే లెక్కకు వస్తుంది. భారత్‌లో పాత పన్ను విధానం కింద పార్టీ విరాళాలకు ఉండే మినహాయింపు వంటిది ఇక్కడి ఫెడరల్ పన్నులో లేదు.

ఇలాంటి అభ్యర్థికి ఎక్కువగా అక్కరకు వచ్చేది దాతల సంఖ్య. 2019లో డెమోక్రాట్ల తొలి చర్చావేదికకు చేరడానికి 65,000 మంది దాతలను చూపించడం ఒక మార్గం. 2023లో రిపబ్లికన్లు తొలి చర్చకు 40,000 మంది దాతలుండాలని, ఇరవై రాష్ట్రాల్లో ఒక్కోచోట కనీసం 200 మంది ఉండాలని షరతు పెట్టారు. అప్పట్లో నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఒక్క డాలరు ఇచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు, అంటే ఆ ఒక్క తల ఆయనకు అంత విలువైనది. ఆ లెక్కలో మీ 3,500 డాలర్లు ఒక్క దాతగానే నమోదవుతాయి. మీరు ఎడిసన్‌లో పాతికమంది పౌరులను ఒప్పించి తలా ఐదు డాలర్లు ఇప్పిస్తే పాతికమంది దాతలవుతారు, మీ ఇంటి మీద పైసా అప్పు పడదు. న్యూజెర్సీ ప్రైమరీ మామూలుగా జూన్‌లో జరుగుతుంది, అప్పటికి ఇలాంటి అభ్యర్థులు బరిలో మిగలడం అరుదు. కాబట్టి మీ ఓటు కన్నా ముందే మీరు చేయగలిగిన సాయం ఇదే.

ఆరంభ ప్రైమరీలకు ఇంకా ఏడాదిన్నర సమయం ఉందనుకుందాం. నెలకు మీకు మిగిలే 1,900 డాలర్లలో మొదటి నెల 1,500 పొదుపు ఖాతాకు వేసి దాన్ని 7,000 చేయండి, మిగిలిన 400 కార్డులకు కట్టండి. రెండో నెల నుంచి మొత్తం 1,900 కార్డులకే కడితే పదకొండు నెలల్లో బాకీ తీరుతుంది. మిగిలిన ఆరు నెలల్లో మరో 11,400 చేరి నిధి 18,400 అవుతుంది. అది రెండున్నర నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ. కొత్త టర్మ్ పాలసీ ప్రీమియం కూడా ఈ 1,900లోంచే వెళ్లాలి కనుక కొన్ని వారాలు అటూఇటూ అవుతుంది. ఆరు నెలల నిధి అప్పటికీ పూర్తికాదు కాబట్టి, 2028లో మూడు నెలల సెలవు మీకు సాధ్యం కాదు. ఈ మాట మీకు కష్టం కలిగిస్తుందని తెలుసు. రెండు వారాల జీతంతో కూడిన సెలవును మాత్రం ఇప్పటి నుంచే దాచుకోండి. న్యూహాంప్‌షైర్ ప్రైమరీకి ముందటి పద్నాలుగు రోజులు అక్కడ ఉండండి, హోటల్ బదులు ఎవరైనా స్థానిక మద్దతుదారుడి ఇంట్లో గది అడగండి. ఒకవేళ గది తీసుకోవలసివస్తే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చేదే తీసుకోండి. కార్డు బాకీ తీరాక నెలకు పాతిక డాలర్లు మీ పేరున, పాతిక మీ భార్య పేరున ఇవ్వవచ్చు, అది కూడా ఆమెకు ఇష్టమైతేనే. ఆమె అభిప్రాయం మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

హోమ్ ఈక్విటీ దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే వెనక్కి తీసుకోండి. తమ్ముడి పేరున విరాళం ఇద్దామన్న మాట అతనితో అని ఉంటే, వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.