చిట్టీ, ట్యాగ్ మీద సంతకం పెట్టే ముందు

చిట్టీ,

కల్పాక్కం అణుకేంద్రంలో, రేడియోధార్మిక వ్యర్థాలు చూసే వేస్ట్ మేనేజ్‌మెంట్‌లో నీకు పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్ చేసింది. "అంత చదివించింది చెత్త పనికి పంపడానికా తమ్ముడూ" అని గొంతు పూడుకుపోయి అడిగింది. దానికి సర్దిచెప్పాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఒంటికి తగిలిన రేడియేషన్ డోసుని లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీదే ఉండాలి. డోసు పరిమితి ఏ ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఐదేళ్లకు కలిపి 100. దాటలేదు కదా అని ఊరుకోకు, వీలైనంత తగ్గించుకో. ద్రవ వ్యర్థాల సంగతి నీకే బాగా తెలుసు: రేడియోధార్మిక సీజియాన్ని కాపర్ ఫెర్రోసయనైడ్ అనే రసాయనం పట్టుకుంటుంది, అడుగున దిగిన బురదని సిమెంటులో కలిపి గట్టిపరుస్తారు. హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకమైన ట్రిటియం మాత్రం నీళ్లలో నీళ్లయిపోయి ఉంటుంది, అలా చిక్కదు.

నా టెన్షనంతా గ్లవ్స్, కవరాల్స్, తుడిచిన గుడ్డల గురించి. చూడ్డానికి మామూలు చెత్తలాగే ఉంటుంది.

అప్పటికి నా సర్వీసు పన్నెండేళ్లు, తెలియక చేశానని చెప్పుకోలేను. షిఫ్టు చివర ఒక సంచి మోస్తూ హెల్పర్, "సార్, ఇది బరువుగా ఉంది" అన్నాడు. బస్సు పోతుందన్న తొందరలో సంచి పక్కన పెట్టించలేదు. ట్యాగ్ మీద 'పొడి, నొక్కదగినది' అని రాసి సంతకం పెట్టేశాను. లోపల పంపు కింద నీళ్లు తుడిచిన గుడ్డలున్నాయి. మర్నాడు డ్రమ్ములో వేసి ప్రెస్ నొక్కగానే సంచి పగిలి, అంచు మీదుగా గోధుమరంగు నీళ్లు చిమ్మాయి. అదే హెల్పర్ పాదం మీద పడ్డాయి. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడగడం, రేడియేషన్ మానిటర్ పెట్టి చూడటం, మళ్లీ కడగడం. టిక్కుటిక్కు నెమ్మదిగా తగ్గింది. చివరికి చర్మం మీద ఏమీ మిగల్లేదు, డోసూ స్వల్పమే. కానీ అతను నా వైపు చూసి, "సార్, ఇంటికెళ్లి పాపని ఎత్తుకోవచ్చా?" అన్నాడు. నువ్వూ అప్పటికి చంకబిడ్డవే. ఆ నెల ఊరొచ్చినప్పుడు నిన్నెత్తుకోవడానికి నాకు చేతులు రాలేదు. అక్కకి ఇప్పటికీ కారణం తెలియదు.

ఇంత వివరంగా ఎందుకంటే, డ్రమ్ము మూత పడ్డాక లోపలి సంగతి చెప్పేది నీ ట్యాగ్ ఒక్కటే. పాతిపెట్టడానికి మట్టి ట్రెంచికా, కాంక్రీటు ట్రెంచికా, భూమిలోకి దింపిన గొట్టంలాంటి టైల్ హోల్‌కా అన్నది మీటరు రీడింగుతో పాటు దాన్ని చూసే తేలుస్తారు. సీజియం-137 సగమవడానికి 30 ఏళ్లు. పదిసార్లు సగమైతే వెయ్యో వంతు. అందుకే 300 ఏళ్ల కాపలా. అప్పటివాళ్లు నిన్ను పిలిచి అడగలేరు కదమ్మా.

హెల్పర్ల పేర్లు మొదటి వారంలోనే తెలుసుకో. ఆకలేసినా, బస్సు పోయినా వాళ్ల మాట పూర్తిగా విను. తమిళం రాదని బెంగపడకు. "కనమా ఇరుక్కా?" అంటే బరువుగా ఉందా అని. ముందు ఆ మాట నేర్చుకుని వెళ్లు తల్లీ.

మీ మావయ్య