కాతిబును ఎందుకు వదిలేశావు?

తమ్ముడూ,

నిజాం కాలంలో హైదరాబాదులో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపిన ఎడిటర్ షోయబుల్లా ఖాన్ మీద నువ్వు రాసిన కథ చదివాను. భాష బాగుంది. నాలుగో పేజీ దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. ఇమ్రోజ్ ఆఫీసులో ఎవరో సీసపు అక్షరాలు పేరుస్తున్నాడని రాశావు. అప్పట్లో ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబుల చేతిరాతే. ఎడిటర్ రాసిచ్చింది కాతిబు కలంతో కుదురుగా తిరగరాస్తే, దాన్ని రాతి మీదికి ఎత్తి అచ్చు వేసేవాళ్ళు. రజాకార్లను తిడుతూ షోయబుల్లా రాసిన మాటలు అలా ఇంకో మనిషి చేతి మీదుగా పోవాలి కదా! ఆ మనిషికి భయం వెయ్యదా? ఒకరోజు జ్వరమని ఎగ్గొట్టడా? కథ అక్కడుంటే నువ్వు వెళ్ళి నిజాంకీ భారత ప్రభుత్వానికీ కుదిరిన యథాతథ ఒప్పందం దగ్గర కూర్చున్నావు.

1947 నవంబరు సంతకాల సంగతి పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది. 1920లో పుట్టినవాణ్ణి 1948 ఆగస్టు 21 రాత్రి, పని ముగించుకుని ఇంటికి పోతుంటే కాచిగూడలో నరికారు. నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు. అంత చిన్న బతుకులో నువ్వు అతనికిచ్చింది చివరి మూడు పేజీలా? వెంట ఉండి గాయపడ్డ బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌కి ఒక్క వాక్యమా?

'చరిత్రను మలుపు తిప్పబోయే ఆ రాత్రి' అన్నది కొట్టెయ్. సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి భారత సైన్యం వస్తుందని మనకు తెలుసు. అతనికి తెలీదు. అతని టెన్షనల్లా రేపటి సంచిక. అంతకుముందు తను పనిచేసిన రయ్యత్ పత్రికని నిజాం సర్కారు మూయించడం కళ్ళారా చూసినవాడు. పాత్రకు తెలియని తారీకు కథకుడి నోట రాకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఈ జబ్బు అంటించింది ఎడిటర్లేలే. నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 ప్రత్యేక సంచికకని ఒకాయన నా దగ్గర కథ అడిగి తీసుకున్నాడు. అందులో ప్రూఫులు దిద్దే ముసలాయన ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకునే పేరా ఉండేది. 'నేపథ్యం తక్కువైంది' అని దాన్ని పీకేసి, ఆ జాగాలో ఆ సైన్యం రాక, అదే పోలీసు చర్య గురించి పెద్ద పెట్టె కట్టాడు. పారితోషికం కూడా ఇవ్వలేదనుకో.

పోటీకి పంపాలా అని అడిగావు. ముందు కాతిబుకి ఓ పేరు పెట్టు, ఇల్లెక్కడో, ఎంతమంది పిల్లలో తేల్చు. తిరగరాసింది పంపేటప్పుడు కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు.

మీ అన్న